గౌను వెనక

గోపికకు గౌన్లంటే పిచ్చి. తను తొడుక్కునేవి కావు, ఆ యోగం ఆమెకు ఎక్కడిది? సినిమా అవార్డుల పండగలో ఎర్ర తివాచీ మీద హీరోయిన్లు తొడుక్కొచ్చే గౌన్లు. నేల ఊడ్చుకుంటూ పోయేవి, ఒక భుజం ఉండి ఇంకో భుజం లేనివి, అసలు భుజాలే లేనివి. మోతెలో గొర్లు కాసే ఇంట్లో పుట్టిన పిల్ల, సూర్యాపేటలో డిగ్రీ చదువుతూ, కాలేజీ విడిచాక బస్సు వచ్చేలోగా బస్టాండు పక్కన నెట్ సెంటర్లో కూర్చుని ఆ గౌన్ల మీద బ్లాగు రాసేది. దాని పేరు ‘సింగారం’. 2013 నాటికి ఆ బ్లాగు చదివేవాళ్లు నల్గొండ జిల్లా దాటి దుబాయి దాకా ఉన్నారు.

రాత కూడా అట్లాంటిదే మరి. “ఈ గౌను తోక ఎంత పొడుగున్నదంటే, మేడం లోపలికి పోయి కూసున్నంక గూడ తోక ఇంక దర్వాజ దాటలే” అని రాస్తే జనం పడీ పడీ నవ్వేవారు.

ఒక్క నిహారిక తప్ప. నిహారికది మిర్యాలగూడ, రైసుమిల్లు యజమాని కూతురు. ఇంట్లోనే కంప్యూటరు, ఏ గుడ్డ కొనాలన్నా హైదరాబాదే. గోపిక ఏం రాసినా కింద ఆమె కామెంటు పడాల్సిందే. “ముందు నుంచి తీసిన ఫొటో చూసి ఎవరైనా రాస్తరు. భుజాల్లేని గౌను జారకుండ ఎట్ల ఆగుతదో చెప్పు చూద్దాం. ఎప్పుడన్న వెనక చూసినవా?” అని ఒకరోజు అడిగేసింది.

గోపికకు ఒళ్లు మండింది. అడిగింది తప్పు మాటయితే అంత మండేది కాదు. రెండేళ్లుగా ఆమె బుర్ర తినేస్తున్న ప్రశ్న కూడా అదే. ఫొటోల్లో ఆ మహాతల్లులంతా ముందుకే తిరిగి నవ్వుతారాయె, వెనక ఏముందో ఎవరికి తెలుసు?

దేవుడు ఆమె మొర విన్నాడు. కోదాడలో నర్సింగరావు అనే షావుకారు పెద్ద బట్టల షాపు పెడుతున్నాడనీ, ఆదివారం నాడు హీరోయిన్ తారా చేత రిబ్బను కత్తిరింపజేస్తున్నాడనీ, అచ్చం అవార్డుల ఫంక్షన్‌లాగే ఎర్ర తివాచీ పరుస్తున్నాడనీ గోడల నిండా పోస్టర్లు. గోపిక ఆగుతుందా? “కోదాడ పోతున్న. కండ్లార చూసి ముందుది, వెనకది అంత రాస్త. రాయకపోతే నా పేరు గోపికే కాదు” అని బ్లాగులో ప్రకటించేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

“గంత దూరం ఒక్కదానివే పోతవా? నేనొస్త” అంది తల్లి మణెమ్మ.

“నీకెందుకే అమ్మా?”

“పైన ఏం లేకుంట గా గౌను ఎట్ల ఆగుతదో నాకూ సూడాలెనని ఉండదా?”

ఆదివారం కోదాడలో ఇసుక వేస్తే రాలనంత జనం. రోడ్డు నుంచి షాపు గడప దాకా ఎర్ర తివాచీ, అటూ ఇటూ తాళ్లు. హీరోయిన్ వచ్చేలోపు అందరూ ఒకసారి షాపు చూసిపొమ్మని నర్సింగరావు ముచ్చటపడి పిలిచాడు. తివాచీ అంచు దాకా వచ్చిన మణెమ్మ అక్కడే ఆగిపోయింది.

“కొత్త జంపఖానా. ఎదురుంగ లచ్చిందేవి పటం పెట్టి దీపం ముట్టిచ్చిండ్రు. ఎవలన్న సెప్పులతోని తొక్కుతరా?” అంటూ చెప్పులు విడిచింది.

ఆ మాట విన్నాక వెనకవాళ్లు మాత్రం ఎట్లా తొక్కుతారు? వాళ్లూ విడిచారు. చూస్తుండగానే తివాచీ మొదట్లో చెప్పుల కుప్ప లేచింది. గిరాకీలంతా వట్టి కాళ్లతో ఉండగా తాను బూట్లతో ఉంటే ఏం మర్యాదని నర్సింగరావు కూడా బూట్లు విప్పేశాడు.

అంతలో కారు ఆగింది. కాపలావాళ్లు జనాన్ని వట్టి కాళ్లతోనే తాళ్ల వెనక్కి తోశారు. పిస్తా రంగు గౌనులో తారా దిగింది. భుజాలు లేవు! గోపికకు కాళ్లు భూమ్మీద ఆనలేదు. “అమ్మా, లేవే! నిజంగనే లేవే!” అని తల్లి చెయ్యి గిల్లేసింది.

తివాచీ మీద అడుగు పెట్టబోయిన తారాకు చెప్పుల కుప్ప కనపడింది. ఎదురుగా షాపు యజమాని వట్టి కాళ్లతో దండం పెడుతున్నాడు. ఈ ఊరి ఆచారం కాబోలనుకుని ఆ బొంబాయి పిల్ల తన ఎత్తు మడమల చెప్పులు విప్పి కుప్పలో పెట్టింది. జనం ఈలలతో హోరెత్తించారు. అయితే గౌను కుట్టింది ఆ మడమల ఎత్తుకు. ఇప్పుడది నాలుగు వేళ్ల మేర నేల మీద పడింది. కొంచెం నడిచిందో లేదో తన అంచు తానే తొక్కింది. వెనక ఏదో ‘టప్’మంది.

అందరూ తారా ముఖం చూస్తున్నారు. గౌను చూస్తున్నది గోపిక ఒక్కతే. తారా ఎడమ చెయ్యి వీపు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. పెదవుల మీద నవ్వు అట్లాగే ఉంది, కళ్లల్లో మాత్రం భయం. గోపిక ముందూ వెనకా ఆలోచించలేదు, తాడు కింద నుంచి దూరిపోయింది. కాపలావాడు జబ్బ పట్టుకున్నాడు.

“ఇడువన్నా! పిన్నీసు! మేడంకు పిన్నీసు గావాలె!”

తారా గబగబా తల ఊపింది. మణెమ్మ పుస్తెలతాడుకు తగిలించుకున్న రెండు పిన్నీసులు లాగి బిడ్డ చేతిలో పెట్టింది.

గోపిక ఆ పొడవాటి జుట్టు పక్కకు జరిపింది. రెండేళ్ల ప్రశ్నకు జవాబు కళ్లముందు ఉంది. ఆ గౌను తారాకు ఒకటిన్నర రెట్లుంది. మిగిలిన గుడ్డంతా వెనక మడిచి, నడుము దాకా పిన్నీసుల వరుస. అవి చాలవన్నట్టు చంకల కింద దెబ్బలకు వేసే ప్లాస్టరు పట్టీలు! పగలబడి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుని పిన్నీసు గుచ్చితే అది వంగిపోయింది, రెండోది సగమే పట్టింది.

“కిరాయిది. సైజ్ పెద్దది” అంది తారా వెనక్కి తిరగకుండానే, వచ్చీరాని తెలుగులో. “పట్టుకో. వెనకే రా. ప్లీజ్.”

ఇంకేముంది! మడత పిడికిట్లో పట్టి, పైన తన చున్నీ కప్పి, గోపిక ఎర్ర తివాచీ మీద నడిచింది. అటు కెమెరాలు, ఇటు కెమెరాలు. ఆ పిల్ల ఎవరని ఒకరు, హీరోయిన్ చెల్లెలట అని ఇంకొకరు. “రండమ్మా, రండి, మీరూ లోపలికి రండి” అంటూ నర్సింగరావు ఇద్దరి మీదా పూలు చల్లించాడు. ఇంత సంతోషం గోపిక పుట్టి ఎరగదు.

లోపల తారా గౌను విప్పేసి చీర కట్టుకుని వచ్చి, గోపిక చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. “నువ్వు ఏం చేస్తావ్?”

“బ్లాగు రాస్త మేడం. గౌన్ల మీద.”

తారా ముఖం పాలిపోయింది. రాయొద్దని బతిమాలలేదు. పట్టుకున్న చేతిని మెల్లగా వదిలేసింది.

తిరుగు బస్సులో తల్లీకూతుళ్లు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. నవ్వీ నవ్వీ అలిసిపోయి మణెమ్మ అంది, “నా పెండ్లిల రవికె గూడ గిట్లనే ఉండె బిడ్డా. మా వదినది. ఎనక అన్ని పిన్నీసులే. ఊపిరి గట్టిగ తీస్తే ఇగ ఖతం.”

“ఎవలకన్న తెలిసిందానే?”

“గుచ్చింది మా వదినే గద. సచ్చేదాక ఎవలకు సెప్పలే.”

మర్నాడు నెట్ సెంటర్లో గోపిక వేళ్లు నిలవలేదు. ‘పైన పటారం లోన లొటారం’ అని శీర్షిక కొట్టేసింది. అబ్బ, ఏం శీర్షిక! దుబాయి దాకా మోగిపోతుంది, మిర్యాలగూడ నోరు మూతపడుతుంది. కాసేపు దాన్ని చూసుకుని మురిసింది. అంతలో తన చేతిని మెల్లగా వదిలేసిన ఆ చేతులు గుర్తొచ్చాయి. ఒక్కో అక్షరమే చెరిపేసింది. వెనకదీ రాస్తానని బ్లాగులో ఇచ్చిన మాట తప్పినట్టేనని తెలుసు. అయినా పిస్తా రంగు గురించి, ఎండలో ఆ మెరుపు గురించి, వట్టి కాళ్లతో నడిచిన హీరోయిన్ మర్యాద గురించి మనసారా రాసి పెట్టేసింది.

బస్సు రాకముందే నిహారిక కామెంటు వచ్చేసింది. “ఇదంత ముందుదే కద. వెనక చూసినవా, లేదా? ఎట్లుంది?”

గోపిక పైకే నవ్వేసింది. పక్క కుర్చీల్లోవాళ్లు తిరిగి చూశారు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని జవాబు కొట్టింది.

“వెనక ఏం కనపడలే నిహారికక్కా. వెనక నేనున్న.”