కునుకు

సీసాను మెడ దగ్గర పట్టుకుని, తలకిందులు చేసి, దీపం ముందు నెమ్మదిగా తిప్పింది. ముందు తెల్ల పలక, తర్వాత నల్ల పలక. నీళ్ళలో నలక ఉంటే రెంటిలో ఏదో ఒకదాని మీద బయటపడుతుంది. ఏమీ లేదు. సీసాను ట్రేలో పెట్టి ఇంకొకటి తీసుకుంది.

సెలైన్ సీసాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ డేగకన్ను అంటారు. సన్నటి మనిషి. నెరిసిన జుట్టును టోపీలోకి దోపుకుంటుంది. కళ్ళ కింద నల్లటి చారలు. పెళ్ళి చేసుకోలేదు. తల్లితోనే ఉంటుంది.

"మా ఇంటి బియ్యం తెచ్చి నీ ముందు పోస్తానే, రాళ్ళేరి పెట్టు" అంది పక్క బల్ల ఆవిడ.

"పొయ్యవే. వండి కూడా పెడతా, తినిపించడం నావల్ల కాదు."

కన్ను చెదరకపోవడం పనిలో బాగానే ఉంది. ఇంట్లోనూ ఆ కళ్ళు మూతపడవు, అదే తంటా. తల్లి మంచం పట్టాక అది మరీ ఎక్కువైంది. రాత్రంతా పక్కన కుర్చీలో గుడ్లప్పగించి కూర్చునేది. పోయిన చలికాలం పని మధ్యలో కళ్ళు తిరిగి పడిపోతే, ఫ్యాక్టరీ డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "ఒంట్లో జబ్బేమీ లేదమ్మా, నిద్ర లేదు, అంతే" అని ఆస్పత్రి మేడ మీది కౌన్సెలర్ దగ్గరికి పంపాడు.

"మనసులో ఒక్కరే ఉండరండీ, చాలామంది ఉంటారు" అంది కౌన్సెలర్ మొదటిరోజే. "ఒకరు తిడతారు, ఒకరు దాక్కుంటారు, ఒకరు కాపలా కాస్తారు. ఎవరినీ బయటికి గెంటక్కర్లేదు. వాళ్ళ బాధేమిటో వింటే చాలు."

"మా ఇల్లే ఇరుకు మేడమ్. లోపల కూడా ఇంతమందా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇదేదో పిల్లలాటలా ఉందనుకుంటూనే వెళ్తూ వచ్చింది. కళ్ళు మూసుకుని వెతగ్గా వెతగ్గా ఒకనాడు లోపల ఒక మనిషి కనిపించింది. గుమ్మానికి అడ్డంగా, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. రెప్ప వేయదు. ఆమె వెనక చీకటిగదిలో ఒక చిన్నపిల్ల గోడకు అతుక్కుని ఉంది.

ఆ పిల్ల ఎవరో చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోయింది. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పాలుతాగే తమ్ముణ్ణి తనకు అప్పజెప్పి పనికి వెళ్ళేది. ఒక మధ్యాహ్నం తనకు కునుకు పట్టింది. వాడు పాక్కుంటూ వెళ్ళి పొయ్యి మీది నీళ్ళు మీదకు లాక్కున్నాడు. భుజం నుంచి మోచేతిదాకా చర్మం ఊడిపోయింది. పరుగున వచ్చిన తల్లి కొట్టలేదు, తిట్టలేదు. "నిద్రపోయావా?" అంది. అంతే. ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ మనిషి మళ్ళీ కూర్చోలేదు.

ఇవాళ ఉదయం షిఫ్టు అయిపోగానే ఆమె మేడ మెట్లెక్కింది. కౌన్సెలర్ కిటికీ తెర సగం లాగి ఎదురుగా కూర్చుంది.

"ఆ కాపలామనిషిని ఒక్క మాట అడగండి. మీ వయసెంత అనుకుంటోందో."

డేగకన్ను కళ్ళు మూసుకుంది.

"తొమ్మిదేళ్ళు అంటోంది మేడమ్. నేనింకా ఆ పిల్లనే అనుకుంటోంది."

"ఇప్పుడెంతో మీరే చెప్పండి దానికి."

చెప్పింది. జుట్టు నెరిసిందని చెప్పింది. తమ్ముడు బతికాడనీ, వాడికి పెళ్ళయి పిల్లలున్నారనీ, ఆ చేత్తోనే లారీ నడుపుతున్నాడనీ చెప్పింది. లోపలి మనిషి నమ్మలేనట్టు చూసింది. ఎగాదిగా చూసింది. మెల్లగా చేతులు దించింది.

"ఏమంటోంది?"

"కాళ్ళు పీకుతున్నాయంటోంది."

"కూర్చోమనండి పాపం."

ఆమె కళ్ళు తుడుచుకుని ఇంటికి నడిచింది. తల్లికి తోడున్న పొరుగావిడ, "నీళ్ళు తాగింది, ముద్ద ముట్టలేదు" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె లోపల గడియ వేసి మంచం పక్కకు కుర్చీ లాక్కుంది. మెడదాకా శాలువా కప్పుకున్న తల్లి దిండు మీద చిక్కి సగమైపోయి ఉంది. గ్లాసు ఎత్తుకోలేని చేతులు. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఇక ఆస్పత్రికి తేవద్దని డాక్టర్లు చెప్పేశారు.

"ఏంటే అట్లా చూస్తావు? నేనేమన్నా గోడ దూకి పారిపోతానా?"

"నీ సంగతి నాకు తెలుసులే" అంటూ ఆమె తల్లి చెయ్యి పట్టుకుంది. తల్లి బొటనవేలు ఆమె చేతి మీద నెమ్మదిగా కదిలింది. అలా ఉండగానే మెడ వాలింది. మంచం అంచు మీద తల ఆనించింది. చిన్నప్పటినుంచీ ఎరగని బరువైన నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి గోడ మీది ఎండ పైకి జరిగిపోయింది. గదిలో ఒక్క ఊపిరే వినిపిస్తోంది. అది తనది. తల్లి ముఖం ఆమె వైపే తిరిగి ఉంది. చెయ్యి చల్లబడిపోయింది.

నిద్రపోయావా?

గుమ్మంలో మనిషి దిగ్గున లేచింది. చీకటిగదిలో పిల్ల వెక్కిళ్ళు పెట్టింది. తలను మంచంకోడుకేసి కొట్టుకుందామనిపించింది. ఆమె కొట్టుకోలేదు. "లేవకు" అంది లోపలి మనిషితో, పైకే. "నువ్వు మేలుకుని ఉన్నా అమ్మ ఆగేది కాదు. నేనున్నాగా. కూర్చో." తర్వాత ఆ పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. ఎవరూ తిట్టరమ్మా, ఏడువు, అంది. ఇద్దరూ కలిసి ఏడ్చారు, తనివితీరా.

సాయంత్రం తమ్ముడు తలుపు తట్టాడు. ఆమె గడియ తీసింది.

"అమ్మ పోయిందిరా. నేను నిద్రపోయాను."

ఆ మాట తడబడకుండా చెప్పింది. వాడు ముడతలుపడ్డ చెయ్యి అక్క భుజం చుట్టూ వేసి నిలబడ్డాడు. వేసినవాడు ఉలిక్కిపడి చూశాడు.

"ఇది నీకెవరు కప్పారక్కా?"

అప్పటిదాకా ఆమె చూసుకోనేలేదు. అమ్మ శాలువా. జబ్బుపడ్డ దగ్గర్నుంచీ ఆవిడకు ఎండాకాలం కూడా చలే. మడతపెడతానన్నా ఇచ్చేది కాదు. ఇంట్లో మూడో మనిషి లేదు, తలుపు ఇప్పుడేగా తీసింది. అక్కాతమ్ముళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు తల్లిని తీసుకువెళ్ళాక ఇల్లు ఖాళీ అయింది. శాలువా కుర్చీ వీపు మీద ఉంది, ఒక అంచున పోగులన్నీ ఆవిడ వేళ్ళు నలిపి నలిపి విడిపోయి.