ముప్పై రెండున్నర అంగుళాలు

నేను ఒక ఆది జాకెట్టుని. కొలత చూపించడానికే పుట్టానని అనుకునేరు, అలా ఎవరూ పుట్టరు. మొదట్లో నేనూ అందరిలాంటి జాకెట్టునే. బాటిల్ గ్రీన్ రంగు టూ బై టూ గుడ్డ, ముందు ఆరు హుక్కులు, ఛాతీ దగ్గర ముప్పై రెండున్నర అంగుళాలు. తణుకులో కూరగాయల మార్కెట్టు వెనక సందులో కరీముల్లా అనే టైలరు నన్ను కుట్టాడు. విజయదుర్గకి అప్పుడు పాతికేళ్ళు. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు కట్టుకున్న చీర మీదికి నన్నే తొడుక్కుంది.

ఆ రోజు అద్దం ముందు నిలబడి ఇటు తిరిగింది, అటు తిరిగింది, చేతులు పైకెత్తి చూసుకుంది. ఎక్కడా పట్టెయ్యలేదు, ఎక్కడా లూజు లేదు. అదే నా కొంప ముంచింది. అంత బాగా అమరకపోయి ఉంటే నాలుగేళ్ళు తొడుక్కుని, చిరిగాక స్టౌ తుడుచుకునే గుడ్డగా హాయిగా వెళ్ళిపోయేదాన్ని.

మా వైపు ఆడవాళ్ళు ప్రతిసారీ టైలరు ముందు నిలబడి టేపుతో కొలిపించుకోరు. బాగా కుదిరిన జాకెట్టు ఒకటి ఎంచుకుని, కొత్త గుడ్డతో పాటు కవర్లో పెట్టి ఇచ్చేస్తారు. దాన్నే ఆది అంటారు. టైలరు దాన్ని గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, ఆ గీత మీద కత్తిరిస్తాడు. విజయదుర్గ నన్ను ఎంచుకుంది. ఆ రోజు నుంచి నన్ను తొడుక్కోవడం మానేసింది, ఆది పాడైపోకూడదు కదా. బీరువా పై అరలోంచి కవర్లోకి, కవర్లోంచి టైలరు బల్ల మీదికి, మళ్ళీ బీరువాలోకి. ఇరవై మూడేళ్ళు నా లోకమంతా అంతే.

రెండో కాన్పు తర్వాత మొదటిసారి గొడవయింది. నా కొలత ప్రకారం కుట్టిన జాకెట్టు ఆవిడకి పట్టలేదు. కొట్టుకొచ్చి కరీముల్లాని నిలదీసింది.

"ఆది ఇచ్చాను కదండీ. చూసి కుట్టడానికి మీకేం కష్టమొచ్చింది?"

కరీముల్లా ఆవిడ వంక చూశాడు, నా వంక చూశాడు. నెమ్మదస్తుడు, పైగా ఆవిడ పాత ఖాతా. "పొరపాటైపోయిందమ్మా, సరిచేసిస్తాను" అన్నాడు. తను చెయ్యని తప్పు నెత్తిన వేసుకున్నాడు. ఆ తర్వాతి నుంచి నన్ను పరిచినప్పుడల్లా సుద్దగీత నా అంచు మీద పడటం మానేసింది. మొదటి ఏడు అరంగుళం అవతల పడింది. మరుసటి ఏడు ఇంకో అరంగుళం. ఆవిడ కొట్టు గుమ్మంలో నిలబడినప్పుడు ఓసారి కళ్ళతోనే కొలుచుకునేవాడు, చాలు. కొత్త జాకెట్లు ఆవిడకి చక్కగా పట్టేవి.

మిగతాది మీరు ఊహించుకోవచ్చు. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా "మీరు కాస్త ఒళ్ళు చేశారు టీచరుగారూ" అంటే, ఆవిడ నవ్వేసి ఊరుకునేది. ఇంటికొచ్చి నన్ను బీరువాలో పెడుతూ భర్త గోవిందరావుతో అనేది. "ఉద్యోగంలో చేరినప్పుడు కుట్టించిన ఆదేనండీ. ఈ రోజుకీ దాంతోనే కుట్టిస్తున్నాను. ఒళ్ళేం చేశానంటారు?"

ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "ఎవరన్నారు?" అనేవాడు. నాకు నోరుంటే నేనన్నానని చెప్పేదాన్ని. నోరు లేదు. మడతపెట్టి, నాఫ్తలీన్ ఉండలు పక్కన పెట్టి, తలుపు వేసేసేది. ఒక మంచివాడి అబద్ధాన్ని మోస్తూ ఆ చీకట్లో పడి ఉండటం ఎంత ఊపిరాడని పనో నాకు తెలుసు.

విజయదుర్గ తల్లి సంగతి ఇక్కడే చెప్పాలి. ఆవిడా భారీమనిషే. బి.పి. ఉందన్నా మాత్రలు సరిగ్గా వేసుకునేది కాదు. యాభై ఒకటో ఏట పక్షవాతం వచ్చింది. కూతురింట్లోనే, నేనున్న బీరువా ఎదురుగా, నాలుగేళ్ళు మంచం మీద ఉంది. కుడిచెయ్యి ఎత్తలేదు కాబట్టి మామూలు జాకెట్టు తొడగడం కుదిరేది కాదు. విజయదుర్గ తల్లి జాకెట్లన్నీ వీపు మధ్యన నిలువునా కత్తిరించి, ముందు నుంచి చేతులు దూర్చి, వెనక పిన్నులు పెట్టేది. మొదటి జాకెట్టు కత్తిరించిన రోజు కూతురు ఏడవడం బీరువా తలుపు సందులోంచి నేను చూశాను. తల్లి పోయాక ఆ జాకెట్లన్నీ తీసుకెళ్ళి ఎక్కడో పారేసింది. వాటి మాట మళ్ళీ ఎత్తలేదు.

నిరుడు కరీముల్లా కళ్ళకి శుక్లాలొచ్చాయి. కత్తెర కూతురు షమీమ్ చేతికొచ్చింది. పనిమంతురాలు, తండ్రి కన్నా నీటుగా కుడుతుంది. విజయదుర్గ మూడు జాకెట్టు గుడ్డలూ, నన్నూ కవర్లో పెట్టి ఇచ్చింది. తన తోటి టీచరు రిటైరవుతోంది, ఆ సన్మానానికి. షమీమ్ నన్ను పరిచింది. సుద్దగీత సరిగ్గా నా అంచు మీద పడింది. ఎన్నో ఏళ్ళ తర్వాత సుద్ద నన్ను తాకితే నా ప్రాణం గతుక్కుమంది. ఆ పిల్ల చేస్తున్నది నూటికి నూరుపాళ్ళు సరైన పని. అందుకే భయం వేసింది.

సన్మానం రోజు పొద్దున్న ఆవిడ తలుపేసుకుని కొత్త జాకెట్టు తొడుక్కోబోయింది. నేను మంచం మీద కవర్లోనే ఉన్నాను. రెండు చేతులూ మోచేతుల పైదాకా వెళ్ళి అక్కడ బిగుసుకుపోయాయి. ముందుకి రావు, వెనక్కి పోవు. భుజాలు వెనక్కి లాగేసినట్టయి, ఒక చెయ్యి రెండో చేతికి అందలేదు. గింజుకున్నకొద్దీ గుడ్డ ఇంకా బిగిసింది. చెమటలు పట్టాయి. ఊపిరి ఎగదోస్తోంది. గోడకానుకుని పిలిచింది.

"ఏవండీ, ఒకసారి రండి. నావల్ల కావట్లేదు."

గోవిందరావు ఒకసారి లాగి చూశాడు, ఆవిడ నొప్పితో మూలిగింది. ఆయన కత్తెర తెచ్చాడు. వీపు మధ్యన, నిలువునా కత్తిరించాడు. ఆ చప్పుడుకి విజయదుర్గ మొహంలో రక్తం లేకుండా పోయింది. జాకెట్టు ఊడొచ్చాక కూడా చేతులు అలాగే వెనక్కి పెట్టుకుని కూర్చుంది.

"అమ్మకి ఇలాగే కదండీ కత్తిరించేదాన్ని" అంది.

ఎడమచెయ్యి తిమ్మిరెక్కిందంటే ఆయన భయపడి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. సన్మానం ఎగిరిపోయింది. వాళ్ళు తిరిగొచ్చి మాట్లాడుకుంటుంటే విన్నాను. చేతికేం కాలేదట, బిగుతు వల్లేనట. కానీ బి.పి. నూట ఎనభై బై నూట పది, సుగరు బోర్డర్‌లో ఉంది, బరువు ఎనభై రెండు కేజీలు. మందులు రాసి, పది కేజీలైనా తగ్గమన్నాడట డాక్టరు. తల్లి సంగతి విని, "మీకిప్పుడెన్నేళ్ళమ్మా?" అని అడిగాడట. నలభై ఎనిమిదని చెప్పిందట. ఆ మాట ఇంట్లో మళ్ళీ చెప్పుకుని, వేళ్ళ మీద మూడు లెక్కపెట్టుకుంది. లెక్కల టీచరుకి మూడు లెక్కపెట్టడానికి వేళ్ళు కావాల్సొచ్చాయి.

మర్నాడు కొట్టుకెళ్ళింది. ఆవిడ కోపంగానే మొదలుపెట్టింది, షమీమ్ నన్ను కొత్త జాకెట్టు మీద పరిచి చూపించింది. అంచుకి అంచు.

"ఆదికి వెంట్రుకవాసి తేడా లేదు టీచరుగారూ, మీరే చూడండి."

స్టూలు మీద కూర్చున్న కరీముల్లా నల్లకళ్ళద్దాలు తీశాడు. "పిల్లదాన్ననకండమ్మా. తప్పు నాది. ఏడాదికో అరంగుళం కలుపుకుంటూ వచ్చాను. దీనికి చెప్పడం మర్చిపోయాను."

"మొత్తం ఎంత కలిపారు?"

"ఏడున్నర అంగుళాలు."

"నాకొక్క మాట చెప్పుండాల్సిందండీ."

"మీరు బాధపడతారనిపించిందమ్మా" అన్నాడు. ఆవిడ నన్ను తీసుకుని వచ్చేసింది.

అక్కడితో నాకు విముక్తి అనుకున్నాను. బీరువాలో పెట్టలేదు సరే, అద్దం పక్కన మేకుకి తగిలించింది. "ఇది పట్టేదాకా తగ్గుతాను" అని మొగుడితో పంతంగా చెప్పింది. పాతికేళ్ళ పిల్ల కొలత నాది, ఇద్దరు బిడ్డల్ని కన్న నలభై ఎనిమిదేళ్ళ మనిషికి నేనెలా పడతాను?

మొదటి అయిదు నెలలూ ఆవిడ చేసినవన్నీ మంచి పనులే. పొద్దున్నే బడి గ్రౌండు చుట్టూ ఆరు రౌండ్లు నడిచేది. పిల్లల కంచాల్లో మిగిలింది పారెయ్యలేక తినే అలవాటు మానింది. అన్నం సగానికి తగ్గి, కూర రెట్టింపైంది. గోవిందరావుకి ఇదంతా నచ్చలేదు. "ఈ వయసులో ఎవరికి చూపించడానికే?" అని గొణిగేవాడు. ఆవిడ గోడ మీది తల్లి ఫోటో వంక చూసేది. ఆయన నోరు మూసుకుని తన కంచంలోని సొరకాయ కూర తినేవాడు. ఆరు కేజీలు తగ్గింది. బి.పి. నూట ముప్పైకి దిగింది. తొమ్మిదో తరగతి మేడ మీద, ఇరవై రెండు మెట్లు. ఇదివరకు మధ్యలో ఆగి రెయిలింగు పట్టుకునేది, ఇప్పుడు ఆగడం లేదు. ఈ సంగతి ఆవిడే సంబరంగా ఫోనులో చెల్లెలికి చెప్పింది.

కానీ ప్రతి ఆదివారం నన్ను తొడుక్కుని చూసేది. చేతులు దూరేవి కావు. సంబరమంతా అక్కడే చప్పబడిపోయేది. మెట్లూ బి.పి.యీ ఆవిడ లెక్కలోంచి ఎగిరిపోయేవి, నేనొక్కదాన్నే మిగిలేదాన్ని. పైగా శుక్రవారం రాత్రి నుంచే అన్నం మానేసి మజ్జిగ మీద ఉండటం మొదలుపెట్టింది. నేను మేకు మీద వేలాడుతూ, ఎవరైనా నన్ను దింపి స్టౌ దగ్గర పడేస్తే బావుండునని ఎదురుచూశాను. ఆ ఇంట్లో అద్దం, బీరువా, మేకు అన్నీ నా చుట్టూ కాపలా ఉన్నట్టుండేది. ఆవిడకీ అలాగే ఉండేదేమో, నన్ను చూసినప్పుడల్లా మొహం వాడిపోయేది.

ఒక ఆదివారం మొండికేసింది. రెండు రోజులుగా మజ్జిగే. పళ్ళు బిగపట్టి రెండు చేతులూ నాలోకి దూర్చింది, మోచేతులు దాటించింది. అక్కడ ఇద్దరం ఇరుక్కుపోయాం. ఆవిడ లోపల, నేను బయట. నా దారాలు పటపటమంటున్నాయి. ఆవిడకి కళ్ళు తిరిగి మంచం మీద వెనక్కి పడింది. చప్పుడు విని గోవిందరావు పరిగెత్తుకొచ్చాడు, మొహం మీద నీళ్ళు చల్లాడు, చక్కెరనీళ్ళు తాగించాడు. తర్వాత కత్తెర తీశాడు.

"దీన్ని మాత్రం కొయ్యకండి" అంది ఆవిడ, చేతులు రెండూ వెనక్కి బిగుసుకుపోయి ఉండగానే.

ఆయన కత్తెర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "కొయ్యకపోతే నువ్వు బయటికెలా వస్తావే?"

ఆవిడ ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. నాకూ ఏడవాలనిపించింది. ఆయన కత్తెర పక్కన పెట్టి, పిన్నీసు తెచ్చి, ఆవిడ వెనక కూర్చుని నా కుట్లు ఒక్కొక్కటే లేపడం మొదలుపెట్టాడు. కరెంటాఫీసులో ఫైళ్ళు చూసే చేతులు, ఈ పని ఏనాడూ ఎరగవు. రెండుసార్లు తన వేలికే గుచ్చుకున్నాడు. అరగంట పట్టింది.

"మీ అమ్మకి చెయ్యి లేవలేదు దుర్గా" అన్నాడు పని ఆపకుండానే. "నీకు లేస్తోంది. అది చూసుకోవా?"

చివరి కుట్టు ఊడి, నేను ముక్కలుగా మంచం మీద పడ్డాను. ఆవిడ రెండు చేతులూ ముందుకి తెచ్చుకుని, మెల్లగా పైకెత్తి చూసుకుంది.

ఆ సాయంత్రమే నా ముక్కలూ, తొడగని ఆ రెండు జాకెట్లూ పట్టుకుని షమీమ్ దగ్గరికెళ్ళింది. "ఆది లేదమ్మా. టేపు తియ్యి" అంది. ఇరవై మూడేళ్ళ తర్వాత టేపు ఆవిడ ఒంటిని చుట్టింది. షమీమ్ తండ్రి వంక ఓసారి చూసి, నెమ్మదిగా "ముప్పై ఎనిమిది" అంది.

"గట్టిగా చెప్పు. మీ నాన్నగారికి కూడా వినపడాలి."

"ముప్పై ఎనిమిది" అంది షమీమ్ గట్టిగా. కరీముల్లా స్టూలు మీద తలొంచుకుని నవ్వాడు.

ఆ రెండు జాకెట్లలో ఒకటి బాటిల్ గ్రీన్. దాన్ని విప్పి వదులు చెయ్యాలంటే రెండు పక్కలా, చంకల కింద, గుడ్డ అతకాలి. లోపల వదిలిన గుడ్డ చాల్లేదు. షమీమ్ నా వీపు ముక్క చేతిలోకి తీసుకుని, "ఇది కత్తిరించనా టీచరుగారూ?" అని అడిగింది. ఆవిడ నన్ను ఒకసారి వేళ్ళతో నిమిరి, "కత్తిరించమ్మా" అంది.

ఇప్పుడు నేను రెండు పొడుగు ముక్కల్ని. నాలుగువైపులా కుట్లే. కదలడానికి లేదు, ఆ మాటకొస్తే ఎప్పుడూ లేదు. బరువు ఇంకా నాలుగు కేజీలు తగ్గాలి, డాక్టరు గుర్తుచేస్తూనే ఉన్నాడు. ఆవిడ నడుస్తూనే ఉంది, అన్నం మాత్రం మానడం లేదు. ఈ శ్రావణంలో నలభై తొమ్మిది నిండాయి.

మొన్న సోమవారం ఆవిడతో పాటు ఇరవై రెండు మెట్లూ ఎక్కాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు నన్ను నెడుతుంటే నేను కొంచెం జరిగి చోటిచ్చాను. తొమ్మిదో తరగతిలో తేదీ రాయడానికి ఆవిడ కుడిచెయ్యి పైకెత్తింది. ముందు బెంచీలోంచి ఒక పిల్ల అంది.

"టీచర్, మీ జాకెట్టుకి చంక కింద వెలిసిపోయిన ముక్క ఉంది."

"నాకు తెలుసమ్మా" అంది ఆవిడ. చెయ్యి దించలేదు. తేదీ రాసి, దాని కింద మొదటి లెక్క కూడా వేసింది.