మూడో పట్టీ

కొలిమిలో బొగ్గు ఎర్రబడేదాకా వెంకటప్పయ్య ఎవరి మొహమూ చూడడు. బ్లోయరు స్విచ్చి వేసి, గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెట్టి గాలి వస్తోందో లేదో చూసుకున్నాడు. ఒకప్పుడు మోటారు రొద వింటే సరిపోయేది. ఇప్పుడు ఆ కబురు చెయ్యి చెప్పాలి.

యాభై ఎనిమిదేళ్ళ పొట్టి మనిషి. సమ్మెట ఎత్తీ ఎత్తీ కుడి భుజం ఎడమదానికన్నా వేలెడు కిందికి దిగింది. ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడిన చుక్కలు. కుడి చెంప ఎముక మీద, చెవికి కాస్త ముందు, నల్లటి మరక ఒకటుంది. అది సబ్బుకు పోలేదు, కిరసనాయిలుకూ పోలేదు. పొద్దున క్యారేజీ చేతికిస్తూ భార్య కొండమ్మ తన చెంప తట్టి చూపించి, "పని చేతుల్తో చేత్తావా, మొగంతో చేత్తావా?" అంది. ఈ మాట ఆమె రోజూ అంటుంది కాబట్టి పెదాలు చూడకపోయినా అర్థమవుతుంది.

మాచర్ల నుంచి సాగర్ వెళ్ళే రోడ్డు పక్కన షెడ్డు. నాపరాళ్ళు మోసే లారీలన్నీ ఎప్పుడో ఒకప్పుడు అక్కడ ఆగాల్సిందే. బండి బరువంతా చక్రాల మీద పడకుండా మోసేవి విల్లులా వంచి ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. వాటిని కమాను కట్ట అంటారు. కట్ట విప్పి, విరిగింది మార్చి, సాగినదాన్ని కాల్చి వంపు తెచ్చి, మిగతా పట్టీలు ఒక్కొక్కటీ కొట్టి చూసి మళ్ళీ బిగించడం వెంకటప్పయ్య పని. చిన్న సుత్తితో కొడితే మంచి పట్టీ గుడిగంటలా చాలాసేపు మోగుతుంది. కంటికి కనపడని పగులుంటే ఆ మోత పుట్టగానే చస్తుంది. ముప్పై నాలుగేళ్ళుగా అతను చేస్తున్నది ఆ చావు వినడమే. షెడ్డు పెట్టిన పెద్దాయన బతికున్న రోజుల్లో, "మా వెంకటప్పయ్య చెవి పడిన పట్టీ విరగదు" అని డ్రైవర్ల ముందు చెప్పేవాడు. వెంకటప్పయ్యకు పొలం లేదు, పిల్లలు లేరు. అతని గురించి ఎవరైనా అన్న గొప్ప మాట అదొక్కటే.

పది గంటలకు ఒక తెల్ల వ్యాను వెనక ఎడమవైపు వాలిపోయి, నడుము పట్టిన మనిషిలా వచ్చి ఆగింది. సీట్లు తీసేసి లోపల పరుపు, గ్యాసు పొయ్యి, కిటికీలకు పూల కర్టెన్లు పెట్టుకున్నారు. పైన చుట్టిన గుడారం, రెండు మడత కుర్చీలు. దిగినవాళ్ళు విజయవాడ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు. రవిశంకర్, సుప్రజ. కారంపూడి దాటాక స్పీడు బ్రేకరు మీద పెద్ద చప్పుడయిందనీ, అక్కణ్ణుంచి పాక్కుంటూ వచ్చామనీ రవిశంకర్ చెప్పాడు. ఈ రాత్రికి సాగర్ దగ్గర కృష్ణ ఒడ్డున గుడారం వేసుకోవాలి. రేపు ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కాలి.

"ఎంతసేపు పడుతుంది మేస్త్రీ?"

"చూద్దాం" అన్నాడు వెంకటప్పయ్య.

పెద్దాయన కొడుకు హరికృష్ణ, ఇప్పటి షెడ్డు యజమాని, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాడు. "మా బాబాయ్‌ది ఒకటే మాట సార్. పెళ్ళికి పిలిచినా చూద్దాం, చావుకి పిలిచినా చూద్దామే."

అందరూ నవ్వారు. వెంకటప్పయ్య ఒక క్షణం ఆలస్యంగా నవ్వాడు.

ఆ మాటను అతను రెండేళ్ళుగా వాడుతున్నాడు. ఏ ప్రశ్నకయినా సరిపోయే జవాబు దొరకడానికి అతనికి చాలా రోజులు పట్టింది. చెవి పోతోందని మొదట్లో తెలియలేదు. పిచ్చుకలు తగ్గాయనుకున్నాడు. కుక్కరు పాడయిందనుకున్నాడు. మనుషులు మర్యాద నేర్చుకుని మెల్లగా మాట్లాడుతున్నారనుకున్నాడు. ఒకరోజు పట్టీని కొడితే ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాడు. సుత్తి దెబ్బ అదురు మణికట్టుకు తగిలింది కానీ చెవికి రాలేదు. అప్పుడు అతను చేసిన మొదటి పని, వెనక్కి తిరిగి ఎవరైనా చూశారేమోనని చూడడం.

తర్వాత ఒక దారి కనిపెట్టాడు. పట్టీని దాగలి దిమ్మ మీద నిలబెట్టి, పై కొసను చెంప ఎముకకు ఆనించి కొడితే, మంచి పట్టీ పళ్ళ వరసలోకి తేనెటీగలా దూరి ఝుమ్మంటుంది. పగులున్నది నోట్లోకి రాదు. హరికృష్ణ టీకి వెళ్ళినప్పుడు గోడవైపు తిరిగి అన్ని పట్టీలూ అలా చూసేసుకునేవాడు. ఆ పక్కనే డబ్బాలో సుద్దముక్కలుండేవి. కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రాసి ఆగితే ఎంత సన్నటి పగులైనా నల్లగీతలా పైకి తేలుతుంది. ఆ సంగతి అతనికి తెలియక కాదు. "సుద్ద చెవి లేనోడికిరా, మనకెందుకు" అనేవాడు పెద్దాయన. వెంకటప్పయ్య సుద్ద పట్టుకుంటే ఎందుకని ఎవరైనా అడుగుతారు.

ఆరు నెలల కిందట షెడ్డులో నలుగురు డ్రైవర్లు నిలబడి ఉండగా ఒక రాళ్ళ లారీ కట్ట చూడాల్సి వచ్చింది. వాళ్ళముందు చెంప ఆనించలేకపోయాడు. ఊరికే కొట్టి తల ఊపాడు. నాలుగో రోజున ఆ లారీ నడికుడి దగ్గర పట్టీ విరిగి పక్కకు ఒరిగింది. రాళ్ళ మీద కూర్చున్న హమాలీ శివనాగరాజు కాలు బండ కింద పడింది. లోడు ఎక్కువయిందన్నారు. హరికృష్ణ కూడా అందరికీ అదే చెప్పాడు. వెంకటప్పయ్య అరడజను బత్తాయిలు పట్టుకుని శివనాగరాజును చూడడానికి నడికుడిలో అతని ఇంటికి వెళ్ళాడు. మంచం పక్కన అరగంట కూర్చున్నాడు. శివనాగరాజు ఏదో చెబుతూనే ఉన్నాడు. ఇతను ఆ పెదాల వంక కూడా చూడలేక, దుప్పటి కింద ఒకవైపే ఎత్తుగా ఉన్న చోటు చూస్తూ, "చూద్దాం" అని లేచి వచ్చాడు. చెంప ఆనించకుండా ఇంకో పట్టీ బండి కింద పెట్టనని ఆ రోజు రైల్వే గేటు దగ్గర నిలబడి అనుకున్నాడు.

పదకొండున్నరకు కట్ట విప్పాడు. మెయిన్ పట్టీ రెండు ముక్కలు. దాని బదులు పాత స్టాకులోంచి ఒకటి కొలిచి తీసి, కాల్చి వంపు తెచ్చాడు. హరికృష్ణ యూ బోల్టుల కోసం బజారుకెళ్ళాడు. రవిశంకర్ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ ఫోనులో మాట్లాడుతున్నాడు. మిగిలిన ఐదు పట్టీలు కొట్టి చూడడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు.

కానీ సుప్రజ మడత కుర్చీ దించుకుని దాగలికి ఎదురుగా కూర్చుంది. చేతిలో ఫోను అతనివైపే ఉంది.

"పొగ అమ్మాయ్. కళ్ళు మండుతయ్. ఆడ టీకొట్టు కాడ నీడ ఉంది."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆమె పెదాలు నెమ్మదిగా, స్పష్టంగా కదులుతాయి. "ఇక్కడే బాగుంది బాబాయ్ గారూ. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. వీడియో తీసుకోవచ్చా?"

"చూద్దాం."

దాన్ని ఆమె సరేననుకుంది. అతను మొదటి పట్టీ తీసుకుని గోడవైపు తిరిగాడు. ఆమె లేచి ఫోనుతో సహా అటుపక్కకు వచ్చింది. ఇటు తిరిగాడు. ఆమె నవ్వుకుంటూ ఇటు వచ్చింది. మంచి పనివాడికి సిగ్గెక్కువని అనుకున్నట్టుంది. ఆ నవ్వులో వెటకారం లేదు, గౌరవమే ఉంది. అదే అతన్ని కట్టేసింది. ఆమె కంటికి అతను ఇనుముతో మాట్లాడే మనిషి. చెంపను ఇనుముకు ఆనించి, ముసలి గేదెలా కళ్ళు మూసుకుని నిలబడితే ఆ మనిషి ఉండడు.

పట్టీని ఒంటిచేత్తో కొసన పట్టుకుని సుత్తితో కొట్టాడు. తల పక్కకు వంచాడు. ముప్పై నాలుగేళ్ళ అలవాటు కాబట్టి ఆ వంపు అచ్చంగా వినేవాడి వంపులాగే ఉంది. తల ఊపి పక్కన పెట్టాడు. రెండోది. మూడోది కొట్టినప్పుడు వేళ్ళలో ఏదో తేడా తగిలిందనిపించింది. లేదా వేళ్ళే తిమ్మిరెక్కాయా? ఇంకోసారి కొడితే ఆమె ఎందుకని అడుగుతుంది. తల ఊపాడు. నాలుగు. ఐదు.

మధ్యాహ్నం క్యారేజీలో గోంగూర పప్పు ఉంది. నాలుగు ముద్దలు తిని మూత పెట్టేశాడు. కట్టకు బోల్టు బిగిస్తున్నంతసేపూ మూడో పట్టీ పేర్పులోకి వెళ్ళి కనపడకుండా పోవడం అతనికి హాయిగా అనిపించింది. అలా అనిపించిందని తెలిసి స్పానరు కింద పెట్టి, మళ్ళీ తీసుకున్నాడు. ఘాటు రోడ్డు అతనెప్పుడూ చూడలేదు. అయినా వంపులు కనిపిస్తూనే ఉన్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, పూల కర్టెన్లతో సహా. విరిగితే మాత్రం ఏం, అది మెయిన్ పట్టీ కాదుగా, మిగతావి మోస్తాయి, అని తనకు తను చెప్పుకున్నాడు. నడికుడి లారీకి పద్నాలుగు పట్టీలున్నా ఒరిగింది.

నాలుగింటికి జాకీ దించారు. వ్యాను నాలుగు కాళ్ళ మీద సమంగా నిలబడింది. రవిశంకర్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. హరికృష్ణ బానెటు మీద అరచేత్తో చరిచి, "ఇంక రైట్ సార్" అన్నాడు. సుప్రజ ఎక్కబోతూ వెనక్కి వచ్చి, ఫోను వెంకటప్పయ్య కళ్ళముందు పెట్టింది. తెరలో ఒక ముసలివాడు పట్టీ కొట్టి, తల వంచి, తృప్తిగా ఊపుతున్నాడు. చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధి వేస్తుంది.

ఆమె మూడు వేళ్ళు చూపించింది. ఏదో అడుగుతోంది. అతని మొహం చూసి, తనకు సరిగా అడగడం రాలేదనుకుని, చేతిలోని స్టీలు గ్లాసు పైకెత్తింది. వేలికొసల మీద నిలిపిన గ్లాసును ఉంగరంతో కొట్టి, రెండు వేళ్ళు చూపింది. తర్వాత ఆ గ్లాసును అరచేత్తో గట్టిగా పట్టుకుని మళ్ళీ కొట్టింది. మూడు వేళ్ళు. మూడోది మాత్రం ఎందుకు ఇలా, అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

వెంకటప్పయ్య గ్లాసును నొక్కి పట్టిన ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. వ్యాను వెనక నుంచి పొగ వచ్చింది. ఇంజను స్టార్టయింది.

చూద్దాం అంటే సరిపోతుంది. ఆమె ఎక్కుతుంది. రేపు పొద్దున కొలిమి వెలుగుతుంది.

అతను వెళ్ళి బండికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆపండి. కట్ట దించండి."

హరికృష్ణ దగ్గరికొచ్చాడు. "ఏంది బాబాయ్? ఏమయింది?"

"మూడో పట్టీ తియ్యాల."

"నువ్వే గదా కొట్టి చూసింది?"

"కొట్టినా. ఇనపళ్ళా."

"ఏంది ఇనపడనిది?"

"నాకు ఇనపడదురా హరీ. రెండేళ్ళయింది." గొంతు ఎంత పెద్దగా వచ్చిందో అతనికి తెలియదు. ఎదురుగా టీకొట్టు దగ్గర మనుషులు తలలు తిప్పి చూశారు.

మళ్ళీ జాకీ పెట్టారు. కట్ట విప్పాక మూడో పట్టీని దాగలి మీద నిలబెట్టి, అందరూ చూస్తుండగా, పై కొసను చెంపకు ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. కొట్టాడు. పళ్ళలోకి ఏమీ రాలేదు. ఐదోదాన్ని ఆనించి కొట్టాడు. తేనెటీగ దవడంతా తిరిగింది. కళ్ళు తెరిచేసరికి సుప్రజ ఫోను కిందికి దించేసి ఉంది. ఆమె చూపు అతని చెంప మీద ఆగింది. ఆ మరక ఏమిటో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

హరికృష్ణ తనే కిరసనాయిలు తెచ్చాడు. పూశాడు, తుడిచాడు, డబ్బాలోంచి సుద్ద తీసి రాశాడు. కాసేపటికి తెల్లటి పొడి మీద, నడిమి బెజ్జం నుంచి అంచుదాకా, వెంట్రుకలాంటి నల్లగీత తేలింది.

"సుద్ద రాత్తే అయిపోయేది గదా బాబాయ్" అన్నాడు. కోపంగా అనలేదు. అర్థం కాక అన్నాడు. వెంకటప్పయ్య కిరసనాయిలు అందుకుని రెండో పట్టీకి పూశాడు.

ఇంకో పట్టీ వెతికి, మిగిలిన వాటన్నిటికీ సుద్ద రాసి చూసి, బిగించేసరికి పొద్దు గుంకుతోంది. రవిశంకర్ విసుగ్గా బండెక్కాడు. సుప్రజ వచ్చి రెండు చేతులూ జోడించింది. ఏదో చెప్పింది కానీ తల వంచుకుని చెప్పడంతో పెదాలు అతనికి కనపడలేదు. వ్యాను సాగర్ వైపు వెళ్ళింది. వెనక చక్రం గుంటలో దిగి లేవడం వెంకటప్పయ్య కనపడినంత దూరం చూశాడు.

హరికృష్ణ అతనికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వెలుతురు మొహాన పడేలా నిలబడ్డాడు. ఒక్కొక్క మాటా విడివిడిగా అన్నాడు.

"నడికుడి బండి?"

చూద్దాం అనే మాట నాలుక మీదికి దానంతట అదే వచ్చింది. వెంకటప్పయ్య దాన్ని మింగాడు.

"అదీ అంతే. ఇనకుండానే పెట్టినా."

హరికృష్ణ వెళ్ళి బ్లోయరు ఆపాడు. షట్టరు కొక్కెం పట్టుకుని, అటు తిరిగే ఏదో అన్నాడు. మెడ నరం కదలడం, భుజాలు ఒకసారి ఎగిరి పడడం వెంకటప్పయ్యకు కనిపించాయి. రేపు రావద్దన్నాడో, రమ్మన్నాడో. శివనాగరాజు దగ్గరికి పొమ్మన్నాడో. ఇటు తిరుగుతాడేమోనని చూశాడు. తిరగలేదు. మళ్ళీ చెప్పమని అడగడం ఎలాగో అతనికి అలవాటు లేదు.

క్యారేజీ తీసుకున్నాడు. సుత్తిని దాని చోట్లో పెట్టి, తువ్వాలుతో పిడి ఒకసారి తుడిచాడు. రోడ్డు మీదికి వచ్చి, ఇంటివైపు కాకుండా, నడికుడి వైపు వెళ్ళే బస్సులు ఆగే చోటికి నడిచాడు. పక్కనే లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. అతను తల తిప్పలేదు.

షెడ్డులో గోడకు ఆనించిన మూడో పట్టీ మీద సుద్ద ఇంకా ఉంది. దాని పై కొసన, చెంప ఆనినంత మేర, మడ్డి తుడుచుకుపోయి ఇనుము మెరుస్తోంది.