ముందు కారు

కారుకి ముఖం ఉంటుందని నేనంటే నవ్వేవాళ్లు. ముఖం లేనిది ఏదండీ? ముప్పై ఏళ్లు రేకు మీద సుత్తి ఆడించినవాణ్ణి, నాకు తెలియదా? అంబాసిడర్ ఉందే, అది భోంచేసి అరుగు మీద కూర్చున్న కరణంగారు. ఫియట్ కాస్త నయం, కానీ దానికి నడుం లేదు. జీపు సంగతి నన్నడగొద్దు, అది అందంగా ఉండాలని చేసినవాడే అనుకోలేదు. అందమంటే స్టాండర్డ్ హెరాల్డ్. రెండే తలుపులు, దీపాల మీద కనుబొమల్లాంటి వంపు, వెనక కొసలు రెండూ రెక్కల్లా కొంచెం పైకి లేచి ఉంటాయి. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ముందుకి వాలిపోతుంది. దాన్ని చూసి బాగాలేదన్నవాడితో నేను టీ కూడా తాగను.

జగ్గయ్యపేటలో హైవే పక్కన నాది టింకరింగ్ షెడ్డు. పేరు ఏలీయా. మాలపల్లెలో పుట్టాను. ఆదివారం చర్చికి వెళ్తాను, మిగతా ఆరు రోజులూ పెద్దల కార్లకి సొట్టలు తీస్తాను. డెబ్బై నాలుగులో కీసర వంతెన దగ్గర ఒక హెరాల్డ్ లారీ కిందికి దూరింది. బెజవాడ డాక్టరుగారిది. ఆయన బతికాడు, కారు మాత్రం పోయిందన్నారు. తుక్కు కింద నేను తెచ్చుకున్నాను.

ఆరేళ్లు పట్టింది. ముందు భాగం ముద్దయిపోయి ఉంది. కొత్తది దొరకదు. చెక్క అచ్చు చేసుకుని, దాని మీద రేకు పరిచి, కొట్టి, చూసి, బాగాలేకపోతే పారేసి మళ్లీ కొట్టాను. ఎడమ దీపం మీద వంపు కుదరడానికే ఒక ఎండాకాలం పోయింది. పాలమీగడ రంగు వేశాను, పైకప్పుకి కుంకుమ ఎరుపు. సీ బుక్కు నా పేరు మీదికి మార్పించుకున్న రోజున మా ఆవిడ జయమణి పాయసం చేసింది.

ఇంత చేసి కారు నాదని ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. దాచానని కాదు. చూసిన ప్రతివాడూ ఎవరో పెద్దమనిషి రిపేరుకి ఇచ్చి వెళ్లాడనుకున్నాడు. టింకరు షెడ్డులో ఉన్న కారు టింకరుదే అయి ఉండొచ్చని ఒక్కడి బుర్రకీ తట్టలేదు. అడగనివాడికి నేనెందుకు చెప్పాలి?

ఎనభై ఒకటి మాఘమాసంలో చిన్నబాబు షెడ్డుకి వచ్చాడు. నందిగామ దశరథరామయ్యగారి కొడుకు. చెల్లెలి పెళ్లి. వాళ్ల తెల్ల అంబాసిడర్‌కి రంగు వేయించాలని వచ్చాడు. మా వైపు ఆ రోజుల్లో పెళ్లంటే ముందు కారే. పెళ్లికొడుకు పొలిమేరలో తన కారు దిగి, ఆడపెళ్లివారు ఎదురు తెచ్చిన కారు ఎక్కుతాడు. దాని వెనకే మిగతా కార్లన్నీ నడుస్తాయి. పెళ్లిలో వంకాయ కూర ఎలా ఉందో మరిచిపోతారు గాని ముందు కారు ఎలా ఉందో పదేళ్లు చెప్పుకుంటారు.

ఆ రోజు హెరాల్డ్ మీద టార్పాలిన్ తీసి ఉంది. చిన్నబాబు దాన్ని చూసి నిలబడిపోయాడు. చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఏరా, ఇంత బండిని ఈ కొట్టంలో పెట్టావేంట్రా? దీని పక్కన మా అంబాసిడర్ గేదెలాగుంది గదరా!"

"బాగుందా బాబుగారూ?"

"బాగుందా అనడుగుతావేంట్రా! ఎల్లుండి పొద్దున్నే నందిగామ తోలుకురా. ఇదే ముందు కారు. రెండ్రోజులుండాలి. ఓనరుకి నే చెప్పుకుంటాలే. మా ఇంట్లో పెళ్లంటే కాదనేవాడెవడు?"

"ఓనరు అంటే బాబుగారూ..." అని నోరు తెరిచాను.

"చెప్పుకుంటానన్నాగా!" అని స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

వెనక్కి పిలిచి చెప్పొచ్చు. పిలవలేదు. నా చేత్తో కొట్టిన కారులో పెళ్లికొడుకు కూర్చోవాలని, ఆ జనమంతా నోరెళ్లబెట్టి చూడాలని నాకు ఆశ పుట్టింది. ఆ ఆశకి నేను ఇప్పటికీ సిగ్గుపడను.

జయమణి మాత్రం ఆ పూట అన్నం తిననివ్వలేదు. "వెళ్లి చెప్పెయ్యవయ్యా. తర్వాత తెలిస్తే చంపుతారు."

"కారు అంత బాగుందన్నాడే, ఎందుకు చంపుతాడు?"

"కారు బాగుందన్నాడు. నువ్వు బాగున్నావన్లేదుగా."

పెళ్లికొడుకు భవానీప్రసాద్‌ది మైలవరం. ఇంజనీరింగు చదివాడు. పొలిమేరలో తన ఫియట్ దిగి హెరాల్డ్‌ని చూసి, మెడలో దండ సర్దుకోవడం కూడా మరిచిపోయాడు. దశరథరామయ్యగారు వెనక రెక్క మీద చెయ్యి వేసి నెమ్మదిగా నిమిరారు. "కారంటే ఇదిరా. ముక్కూ మొహం ఉంది దీనికి. ఏ జమీందారు దివాణంలోదో" అన్నారు. ఆ మాట నేను విన్నాను. నా గుండె పొంగింది.

ఖాకీ చొక్కా వేసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాను. డ్రైవరుగా నేనుంటే ఎవరికీ ఏ అంటూ లేదు. మేళం ముందు, నా కారు వెనక, దాని వెనక పదకొండు కార్లు. మేడల మీద ఆడవాళ్లు వంగి వంగి చూశారు. అద్దంలో పెళ్లికొడుకు సీటు మీద చెయ్యి పెట్టి నొక్కి చూసుకుంటున్నాడు. పాత బస్టాండు నుంచి పెళ్లింటి దాకా అరగంట పట్టింది. అంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా లేదు.

మర్నాడు పొద్దున అలకపాన్పు. పందిట్లో మంచం వేసి, కొత్త దుప్పటి పరిచి, అల్లుణ్ణి కూర్చోబెడతారు. అతను అలుగుతాడు. కోరింది ఇస్తామని మామ నలుగురిలో మాట ఇచ్చేదాకా మంచం దిగడు. ఇచ్చాక ఆ మాట తప్పకూడదు. మామూలుగా వాచీయో ఉంగరమో ముందే అనుకుని ఉంటారు, నవ్వుకుంటూ అయిపోతుంది.

నేను పందిరి బయట కారు తుడుస్తున్నాను. లోపలి మాటలన్నీ వినపడుతున్నాయి.

"నాకు వాచీ వద్దు మావయ్యగారూ. నిన్న నేనెక్కొచ్చిన కారు కావాలి."

గొల్లున నవ్వారు. దశరథరామయ్యగారు కూడా నవ్వారు. "ఇచ్చా బాబూ. నలుగురిలో చెబుతున్నా, ఇచ్చా. ఇక దిగు."

వాళ్ల పెద్ద పాలేరు బుల్లిబాబు వచ్చి నన్ను లోపలికి పిలిచాడు. తువ్వాలు చేత్తో పట్టుకునే వెళ్లాను.

"ఓనరెవరో కబురు పెట్టరా. ఆయనేమడిగితే అదిచ్చేద్దాం" అన్నారు పెద్దాయన.

"నేనేనండి."

"నువ్వు కాదురా. ఆ కారు ఎవరిదీ అంటున్నా."

"నాదేనండి. సీ బుక్కు నా పేరునే ఉంది. నేనది అమ్మనండి."

చెప్పేశాను. అదే మాట మూడు రోజుల ముందు చెప్పి ఉంటే ఒక చెంపదెబ్బతో పోయేదేమో. ఎవరో నా కులం పేరు అల్లుడి చెవిలో వేశారు. మంచం మీద నుంచి భవానీప్రసాద్ అన్నాడు: "అంటే, నిన్న నన్ను ఊరంతా తిప్పింది మాలోడి కార్లోనా? ఇప్పుడు నేను అడుక్కున్నదీ అదేనా?"

ఎవరూ దింపకుండానే మంచం దిగాడు.

మొదటి దెబ్బ చిన్నబాబుది. చెవి మీద పడింది. ఆ చెవి నాకు ఇప్పటికీ వినపడదు. రెండోది ఎవరిదో తెలియదు, వెనక నుంచి వచ్చింది. కింద పడ్డాక ఎవరు కొడుతున్నారో చూసే వీలు లేదు, కాళ్లే కనిపిస్తాయి. జరీ అంచు పంచెలు, కొత్త చెప్పులు, పారాణి పెట్టిన పాదాలు రెండు. పెళ్లికొడుకు కూడా తన్నాడన్నమాట. పందిరికి మిగిలిన గుంజ ఒకటి తెచ్చి ఎవడో ఎత్తాడు. తల కాచుకోవడానికి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. మణికట్టు విరిగిన చప్పుడు నాకు మంచి చెవిలో వినపడింది.

నేనూ ఊరుకోలేదు. చిన్నబాబు చెయ్యి నా నోటి దగ్గరికి వస్తే కరిచి పట్టుకున్నాను. వాడి నెత్తురు ఉప్పగా తగిలేదాకా వదల్లేదు. వాడు కేక పెట్టాడు. దానికి ఇంకో పది తన్నులు ఎక్కువ పడ్డాయి. పక్కటెముకలు రెండు పోయాయని తర్వాత డాక్టరు చెప్పాడు. దశరథరామయ్యగారు కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నారు, పంచె మీద మరకలు పడకుండా.

"బండి పగలగొట్టండ్రా! తునాతునకలు చెయ్యండి!" అని చిన్నబాబు అరిచాడు.

నన్ను ఈడ్చుకొచ్చి కారు ముందు పడేశారు. బుల్లిబాబు గునపం తెచ్చాడు. పందిరి గుంటలు తవ్విన గునపం, ఇంకా మట్టి అంటుకుని ఉంది. ఎడమ దీపం మీదికి ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. అంతకు ముందు నా మీద గుంజ ఎత్తింది వాడేనని, వాడి కాళ్లు చూసి అప్పుడు పోల్చుకున్నాను.

"ఏంట్రా చూస్తావ్? కొట్టు!"

"ఇంత బాగుంటే ఎట్టా కొట్టేదండీ బాబుగారూ?" అన్నాడు వాడు. గునపం దింపి చక్రానికి ఆనించి పెట్టాడు.

దశరథరామయ్యగారు పందిట్లోంచి నడిచి వచ్చారు. "ఆగండ్రా. కారేం చేసిందిరా పాపం? పసుపునీళ్లు చల్లితే పోద్ది. నలుగురిలో మాటిచ్చా, తప్పితే నా పరువేంగాను? వీడి చేత కాయితం రాయించండి."

భవానీప్రసాద్ కారు వైపు చాలాసేపు చూశాడు. ఒకసారి నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. మళ్లీ కారు చూశాడు. "మావయ్యగారు ఎలా అంటే అలా" అన్నాడు.

పెద్దాయన భార్య రాఘవమ్మగారు ఇత్తడి బిందెతో పసుపునీళ్లు తెచ్చారు. మామిడాకులతో చల్లారు. పెళ్లికొడుకు కూర్చున్న వెనక సీటు మీద నాలుగు చుక్కలు చల్లి ఊరుకున్నారు. నేను కూర్చున్న ముందు సీటు మీద మాత్రం బిందె బోర్లించారు. ఆ సీటు గుడ్డ జయమణి కుట్టింది.

వాళ్ల గుమాస్తా కాయితం రాసి, బల్ల లేక, నా ముందు మట్టిలోనే పెట్టాడు. "పెట్రా సంతకం. కుడి చెయ్యి బాగానే ఉందిగా. పెట్టి ఇంటికెళ్లు."

"పెడతానండి. ఒక్కసారి చూసుకోనివ్వండి" అన్నాను.

నామీద జాలి ఎవరికీ లేదు గాని ఆ మాటకి ఒప్పుకున్నారు. ఆ కారుని ఇంకోసారి చూడాలనిపించడం వాళ్లకీ అర్థమయింది. చక్రం పట్టుకుని లేచాను. గునపం అక్కడే ఉంది. కుడి చేత్తో తీసుకుని, భుజానికి ఆన్చి, ఒళ్లంతా దాని మీద వేసి ఎడమ దీపంలో పొడిచాను.

అద్దం పగిలి ముఖాన పడింది. ఆగలేదు. ఎక్కడ లప్పం మందంగా ఉందో, ఎక్కడ అతుకు పలచగా ఉందో నాకు తెలిసినట్టు ఎవడికి తెలుసు? ఆ చోటే చూసి పొడిచాను. కనుబొమ వంపు చిరిగింది. బానెట్ మధ్యలో గునపం దిగబడింది. కుడి దీపం, ముందు అద్దం, తలుపు. విరిగిన చెయ్యి వేలాడుతోంది, నోట్లోంచి నెత్తురు కారుతోంది, నేను ఏడుస్తున్నాను, అయినా కొడుతూనే ఉన్నాను.

అప్పుడు లేచారు అందరూ. ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. "అయ్యో, బంగారంలాంటి బండి!" అని రాఘవమ్మగారు బిందె వదిలేశారు. భవానీప్రసాద్ "వద్దు, వద్దు, కొట్టొద్దు!" అని రెండు చేతులూ చాచి అడ్డం వచ్చాడు, వాడి కళ్లలో నీళ్లు. దశరథరామయ్యగారు పంచె కాళ్లకి అడ్డం పడుతున్నా పరుగెత్తుకొచ్చి నా భుజాలు పట్టుకున్నారు. ముట్టుకున్నది నన్నని కూడా చూసుకోలేదు.

"వద్దురా నాయనా! నీకు దణ్ణం పెడతా, వద్దు!"

అంతకు ముందు నన్ను కొడుతున్నప్పుడు ఆ పందిట్లో ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అని ఉంటే, సంతకం పెట్టి, తాళాలు చేతిలో పెట్టి, నడుచుకుంటూ జగ్గయ్యపేట వెళ్లిపోయేవాణ్ణి.