ఆదివారం సీరియల్లో పెట్టె

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే చాంద్బీకి ఎన్నడూ రాని బేరం ఒకటి వచ్చింది. ఆత్మకూరులో భూములున్న జనార్దనయ్య ఎవరిదో పెళ్లికి వచ్చి, తిరిగిపోతూ ఆమె వాకిట్లో ఆగాడు. ఆదివారం పొద్దున టీవీలో వచ్చే హిందీ సీరియల్లో ఒక పెట్టె ఉందనీ, అచ్చం అలాంటిదే తనకు చేసివ్వాలనీ అడిగాడు.

"ఎట్లా ఉంటాదయ్యా అది?"

"మూరెడు ఉంటాది. మూత మీద తామరపువ్వు. ఆ తల్లి రోజూ దాన్ని కళ్లకద్దుకుంటాది. నలుగురు కొడుకులు దానికోసం కొట్టుకుంటుండారు. వాళ్ల నాయన ఆస్తంతా దాంట్లోనే ఉండాది."

"అంత ఆస్తి పెట్టెలో ఎట్లా పట్టిందయ్యా?"

"దస్తావేజులు! నా భూముల కాగితాలు కూడా అట్లాంటి పెట్టెలో పెట్టి దేవుడి గదిలో ఉంచాలని."

చూడని వస్తువును చెక్కడం చాంద్బీకి చేతకాదు. ఉదయగిరికి కొండ అడ్డం, టీవీలో బొమ్మ పడేది కాదు. అందుకని ఆదివారం మొదటి బస్సుకే ఆత్మకూరు వెళ్లింది.

సీరియల్ మొదలయ్యే వేళకు జనార్దనయ్య మిద్దె మీద ఉన్నాడు. యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరుస్తున్నాడు. కింద ఆయన భార్య చెంచులక్ష్మి "వచ్చింది... పోయింది" అని బదులు అరుస్తోంది. తెర నిండా చీమలు పాకుతున్నట్టుంది.

"తామరపువ్వు కాదు చాంద్బీ, చుట్ట చుట్టుకున్న పాము అది. నిధికి కాపలా" అంది చెంచులక్ష్మి.

"పామూ కాదు, గీమూ కాదు. చక్రం" అంది జనార్దనయ్య తల్లి ఓబులమ్మ. చూపు ఆనక ఆవిడ టీవీకి మూరెడు దూరంలోనే కూర్చుంటుంది.

పెట్టె కనబడనే కనబడింది. మూత మీద గుండ్రంగా ఏదో ఉందని చాంద్బీ అనుకునేంతలో బొమ్మ పైకి దొర్లిపోయింది. మాటలు మాత్రం వినిపించాయి. పెద్దకొడుకు "పితాజీ కీ అస్థియా" అని ఏదో అంటున్నాడు. తల్లి పెట్టెను గుండెకు హత్తుకుని ఏడుస్తోంది.

అప్పుడే దిగివచ్చిన జనార్దనయ్య "విన్నావా? ఆస్తి అంటుండారు" అన్నాడు.

"మేం ఆస్తిని జాయ్‌దాద్ అంటామయ్యా."

"అది మీ ఉర్దూ. ఇది ఢిల్లీ హిందీ."

నిజమే కావచ్చు. ఆ సీరియల్లో మాటలు సగమే ఆమెకు అర్థమయ్యాయి. దాన్ని నేనే నది దగ్గరికి తీసుకుపోతాను అంటోంది ఆ తల్లి. ఆస్తిని నది దగ్గరికి ఎందుకు తీసుకుపోవడం? చాంద్బీకి అంతుపట్టలేదు. పొలాలు నది ఒడ్డునే ఉన్నాయేమోలే అని సరిపెట్టుకుంది.

ఇంటికొచ్చి భర్త సుభాన్‌కు ఇదంతా చెప్పింది. "ఇంతకీ పువ్వా, పామా?" అన్నాడతను. ఆమెకే తెలియదు. మొదటి చెక్క ఆలోచనలో ఉండగానే ఉలి జారి చీలిపోయింది. రెండో చెక్క మీద రేకులు ఒకదాని వెనక ఒకటి లోపలికి చుట్టుకుపోయేలా చెక్కింది. చూసేవాళ్లు ఏదనుకుంటే అది.

పెట్టె తీసుకువెళ్లిన ఆదివారం ఆ ఇంట్లో ముగ్గురూ సంతోషపడ్డారు. "చెప్పలా తామరపువ్వని?" అన్నాడు జనార్దనయ్య. "పాము చుట్ట భలే కుదిరింది" అంది చెంచులక్ష్మి. ఓబులమ్మ వేలితో చక్రం చుట్టూ నిమిరింది. కాగితాలు లోపల పెట్టి, పెట్టెను దేవుడి గదిలో ఉంచి కర్పూరం వెలిగించి, అందరూ టీవీ ముందు కూర్చున్నారు.

ఆ రోజు బొమ్మ అద్దంలా వచ్చింది. పెద్ద నది. తల్లి పడవలో కూర్చుని పెట్టె మూత తీసింది. అందులో కాగితాలు లేవు. బూడిద. బూడిదలో తెల్లటి ఎముక ముక్కలు. ఆమె దోసిట్లోకి తీసుకుని, ఏదో అంటూ నీళ్లలో వదిలింది.

చెంచులక్ష్మి "అస్థికలు" అంది సన్నగా. "ఆస్తి కాదండీ. అస్థికలు."

జనార్దనయ్య చాంద్బీ వైపు తిరిగాడు. "నీకు తెలుసునా?"

"తెలీదయ్యా. మీరు చెప్పిందే నేను నమ్మినాను."

ఆయనకు కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపాలో తోచలేదు. గబగబా దేవుడి గదిలోకి పోయి కాగితాలు బయటికి లాగాడు. చెంచులక్ష్మి వాటి మీద పసుపునీళ్లు చల్లింది. సిరా అలుక్కుపోతుందని ఆయన కేకలు వేశాడు. పెట్టె తెచ్చి చాంద్బీ ముందు పెట్టి, "తీసకపో" అన్నాడు.

"ఇట్టియ్యి" అంది ఓబులమ్మ.

"నీకెందుకమ్మా? ఇంట్లో ఉండకూడదది."

"ఇయ్యమంటినే."

ఆవిడ పెట్టెను ఒళ్లో పెట్టుకుని చాంద్బీ వైపు తిరిగింది. "అమ్మే, ఆ తల్లే పోయిందా నదికి? ఆడమనిషే?"

"పోయిందవ్వా. కొడుకులు వద్దన్నా పోయింది."

"మీ నాయన్ని కుండలో పెట్టి బస్సులో తీసకపోయినారు" అంది ఓబులమ్మ, కొడుకు వైపు చూడకుండా. "నన్ను రావద్దన్నారు. బస్సు మలుపు తిరిగిందాకా నిలబడి చూసినాను."

పసుపు మరకలు పడిన కాగితాలు జనార్దనయ్య చేతిలో అలాగే ఉన్నాయి.

"నీళ్లలో వదిలేటప్పుడు ఆమె ఏమనింది? నీకు ఆ మాటలు తెలుసు గదా, చెప్పు" అంది ఓబులమ్మ. అందరూ చాంద్బీనే చూశారు. పడవ తెడ్ల చప్పుడులో ఆ మాటలు ఆమెకు వినపడలేదు. ఏదో ఒకటి కల్పించి చెబుదామనిపించింది. కానీ నోరు రాలేదు.

"వినపళ్లేదవ్వా."

"పోనీలే" అంది ఓబులమ్మ. "ఏదో ఒకటి అనుంటాది."

మధ్యాహ్నం బస్సులో చాంద్బీ ఉదయగిరి చేరేసరికి సుభాన్ వాకిట్లో ఎదురుచూస్తున్నాడు.

"ఏమన్నారు? నచ్చిందా?"

"అయ్య వద్దన్నాడు. అవ్వ ఉంచుకుంది."

"అంటే బాగుందనా, బాగలేదనా?"

"ఏమో. నాకూ తెలీలా" అంటూ చాంద్బీ చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లింది.