పిల్లికండ్ల పసిది

బీరమ్మ కన్న ఆడపిల్లకు పిల్లికండ్లు. ఆ సంగతి తేలిన నాటి నుంచి అత్త జానమ్మకు తిన్న కూడు ఒంటబట్టడం లేదు.

కోడలు పరాయిది కాదు, సొంత అన్న కూతురే. నిజాం పోయినా కమ్యూనిస్టు దళాలు గుట్టలు దిగలేదు. కొడుకు పర్వతాలు ఒక దళంలో ఉంటూ చాటుమాటుగా ఇంటికి వచ్చిపోయేవాడు. అతని జాడ చెప్పమని మిలట్రీ క్యాంపు వాళ్లు బీరమ్మను పట్టుకుపోయి, మర్నాడు వదిలింది కూడా ఆమెకు నెల తప్పిన ఆ రోజుల్లోనే. "కొట్టిన్రు, గంతే" అన్నది బీరమ్మ. తర్వాత పర్వతాలూ దొరికిపోయాడు. రేపు నల్లగొండ జైలులో ములాఖత్. బిడ్డది ఎవరి పోలిక అని అడుగుతాడు. జానమ్మ చెప్పే మాట మీదే బీరమ్మ కాపురం ఆధారపడి ఉంది.

మెట్టినింటి తరాలన్నీ తవ్వి చూసింది. అందరివీ నల్లకండ్లే.

పసిదాన్ని చూడటానికి ఆలేరు నుంచి జానమ్మ పెద్దమ్మ, తల్లికి తోడబుట్టిన అక్క బిక్షమ్మ వచ్చింది. పిల్లను వెలుగుకు తిప్పి ముక్కున వేలేసుకుంది.

"గివి మీ అమ్మ కండ్లే బిడ్డా!"

జానమ్మ పాలు మరవకముందే తల్లి గత్తర రోగానికి పోయింది. "నేను సూడలేదని ఏదో ఒకటి చెప్తున్నవా పెద్దమ్మా? గిన్నేండ్లు ఎవలూ అనకపోతిరి?"

"ఎట్లంటం? పిల్లికండ్లది ఎదురొస్తే గొర్లు సస్తయని మీ అమ్మను దాని అత్త మందకాడికే రానియ్యకపోతుండె. పోయినంక ఎందుకు తవ్వుడని ఊకున్నం."

"నాకు రాలే, అన్నకు రాలే, నా కొడుక్కు రాలే. నడిమిట్ల యాడ దాసుకున్నయ్?"

"గొర్లోళ్ల ఆడిదానివేనా నువ్వు? మీ ఎర్ర పొట్టేలుకు పుట్టినయన్నీ నల్లయే కదనే. ఆ నల్లయాటినే జోడు గట్టినంక ఎర్రపిల్ల పడలేదా? అప్పుడు ఏ దొంగపొట్టేలు సొచ్చిందని పంచాయితి వెట్టినవా?"

జానమ్మకు ఆ ఎర్రపిల్ల గుర్తొచ్చింది. నిజమే. నలుపు కింద అణిగి ఉన్న ఎరుపు, తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చి కలిస్తేనే బయటపడుతుంది. పర్వతాలు తన కడుపున పుట్టాడు, బీరమ్మ అన్నకు పుట్టింది. రెండు పాయలూ ఒక్క తల్లివే. ఇన్నాళ్లూ మగవాళ్ల ఇంటిపేరు పట్టుకుని వెతికిందే తప్ప, తన పుట్టింటి దిక్కు చూడనేలేదు.

అయినా మనసులో అనుమానపు ముల్లు కదలలేదు. బీరమ్మ పెద్దమ్మకూ మనవరాలే. దాని కాపురం కోసం ముసలిది అబద్ధమాడదా?

పిల్లకు పాలిస్తున్న బీరమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "అత్తా, బావకేం చెప్తవ్?"

"నువ్వు పిల్లను సూస్కో."

మర్నాడు ఊచల అవతల నుంచి పర్వతాలు అడగనే అడిగాడు.

"ఎవరి పోలికనే అమ్మా?"

"మా అమ్మ పోలిక. పిల్లికండ్లు."

అతని చూపు ఆమె మొహం మీద ఆగిపోయింది. "మీ అమ్మ కండ్లు నువ్వు సూసినవా?"

జానమ్మ రెప్ప వేయలేదు.

"సూడక? కన్నతల్లిని సూడనారా?" అన్నది.