ఎడమ పట్టీ

కాజాలక్క ఏడో చొక్కా తీసి ఒళ్లో వేసుకుంది. చిన్న కత్తెరతో చొక్కా ముందు పట్టీ మీద చీలిక కోసి, దాని అంచు చుట్టూ దారంతో ముడులు వేసుకుంటూ వస్తే ఒక కాజా. చొక్కాకు ఆరు. ఇరవై రెండేళ్లుగా అదే పని. అసలు పేరుతో దుకాణంలో ఎవరూ పిలవరు.

“ఆగాగు!” టైలరు మాస్టారు ఆమె ముగించిన ఆరు చొక్కాలనూ ఎత్తి చూశాడు. “కుడి పట్టీ మీద కోశావేంటి తల్లీ? ఇవి బస్సు డ్రైవర్లవి. మగవాళ్లకి కాజాలు ఎడమవైపు కదా!”

“నాకు తెలుసు.”

“తెలిస్తే ఇదేంటి?”

నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. చేతికి మాత్రం ఆ మాట అందలేదు. కోసిన గుడ్డ ఇక అతుక్కోదు.

మిషను మీదున్న ఆమె తోడికోడలు కాలు ఆపింది. “పోనీలెండి మాస్టారూ, ఆడవాళ్లనే డ్రైవర్లుగా పెట్టుకోమందాం.”

ఎవరూ నవ్వలేదు.

ఎనిమిదేళ్ల కిందట ముక్కుకు అటూ ఇటూ బుగ్గలు ఎర్రగా కందినప్పుడు, ఎండ పడలేదనుకుంది కాజాలక్క. తర్వాత వేళ్ల కణుపులు వాచాయి. లూపస్ అన్నాడు డాక్టరు. ఒంటిని కాపాడవలసిన శక్తే ఒంటి మీద తిరగబడుతుందట. పోతే వేళ్లే పోతాయని ఏళ్ల తరబడి వాటినే కనిపెట్టుకుని ఉంది. మందులకు వేళ్లు నిలిచాయి. రెండేళ్లుగా మాటలు నోటిదాకా వచ్చి జారిపోతున్నాయి, పొయ్యి మీద పెట్టినవి మాడిపోతున్నాయి. జబ్బు మెదడును కూడా తాకిందని పోయిన నెల చెప్పాడు. కొన్నాళ్లు తేటగా ఉంటుందట, కొన్నాళ్లు ఉండదట. ఏ రోజు ఎలాంటిదో ముందే ఎవరు చెప్తారు?

మాస్టారు ఆమె ఒళ్లోని ఏడో చొక్కాను చూపించాడు. “ఇదీ తప్పితే కాజాలు మానేసి బొత్తాలు కుట్టుకో.”

బొత్తాలు కుట్టడం కొత్తగా చేరినవాళ్ల పని.

“సుద్దతో గీత పెట్టుకో అక్కా,” అంది తోడికోడలు మెల్లగా.

“నాకు గీతలా? నీకు సూది పట్టుకోవడం నేర్పిందెవరే?”

“నువ్వే. అందుకే చెబుతున్నా.”

పళ్లు కొరుకుతూ ఎడమ పట్టీ మీద గీత పెట్టింది. మధ్యాహ్నం దాకా తలెత్తలేదు. తిని వచ్చేసరికి కణతలు పగిలిపోతున్నాయి. పొద్దున ఎంతవరకు వచ్చిందో తలపుకు రాలేదు. చొక్కా ఒళ్లోకి తీసుకుంది. పైకి కనిపించిన పట్టీ నున్నగా ఉంది. ఇంకా మొదలే కాలేదా అని తనను తానే తిట్టుకుని, గీత పెట్టి, కత్తెర అందుకుంది.

దీపాలు వేసే వేళకు పని అయింది. చొక్కాను మోకాళ్ల మీద పరిచి చాలాసేపు చూసింది. తర్వాత ముడత లేకుండా మడిచి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుంది.

“రేపు కాస్త ముందు రా. సరుకు ఎక్కువుంది,” అన్నాడు మాస్టారు.

“రేపు రాను మాస్టారూ.”

“ఒక్క మాటన్నానని అంత కోపమా?”

“మీ మీద కాదు.”

తోడికోడలు లేచేలోగా మెట్లు దిగిపోయింది.

మాస్టారు మడత విప్పాడు. ఎడమ పట్టీ మీద ఆరు కాజాలు, కుడి పట్టీ మీద ఆరు కాజాలు. దారం ఎక్కడా వదులు కాలేదు, ఒక్క ముడి పక్కకు పోలేదు. బొత్తాం కుట్టడానికి మాత్రం చోటు లేదు.